ఎర్రగుంట్లలో తిన్న ఉగ్గాని

మాది కర్నూల్లో బట్టలంగడి నడిపిన కుటుంబం. మాట్లాడకుండా ఉండటం మా ఇంటా వంటా లేదు. అంగడి మెట్లెక్కిన మనిషికి ఏ రంగు నప్పుతుందో, ఏ చీర రెండు ఉతుకులకే వెలిసిపోతుందో, పెళ్ళికూతురి మేనత్తకు ఏది పెడితే నోరు మూతపడుతుందో, అన్నీ అడక్కుండానే చెప్పేవాళ్ళం. అందరిలోకీ నా నోరే పెద్దది. అలాంటి నన్ను తీసుకెళ్ళి సలహా చెప్పకూడని ఉద్యోగంలో కూర్చోబెట్టింది నా తలరాత.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కడపలో ఒక చిన్న సంస్థ నడిపే కుటుంబ సలహా కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాను. పేరుకు సలహా కేంద్రమే గానీ శిక్షణలో చెప్పిన మొదటి మాట, సలహా ఇవ్వొద్దని. ఆలూమగల్లో ఎవరి వైపూ మొగ్గకూడదు, మన ఇష్టం వాళ్ళ మీద రుద్దకూడదు, తమ దారి తాము వెతుక్కునేలా ప్రశ్నలు అడగాలి, అంతే. ఈ సంగతి మా నాన్నకు ఫోన్లో చెప్పాను.

"ఏమ్మా, నోరు మూసుకొని కూర్చుంటే గూడా జీతమిస్తాండారా?" అన్నాడు. "అట్లయితే నీకు శానా ఎక్కువ ఇయ్యాల. నీకది శానా కష్టమైన పని."

నవ్వాను గానీ, ఆయన చెప్పింది నిజమే. అయినా ఏడాది తిరిగేసరికి ఆ పని నాకు పట్టుబడింది. ఎలా పట్టుబడిందో అడిగితే శిక్షణ కన్నా అంగడి పేరే చెబుతాను. మా నాన్న గొప్ప మాటకారి, కానీ బేరం తెగే ముందు మాత్రం మౌనంగా ఉండేవాడు. పది చీరలు విప్పి పరిచేసి, కొనే మనిషి చెయ్యి ఏ చీర మీదికి రెండోసారి పోతుందో చూసేవాడు. తా వలచింది రంభ కదా, మధ్యలో మనకెందుకు అనేవాడు. నా ముందు కూర్చున్నవాళ్ళ మాటల్లో నేనూ అదే చూసేదాన్ని. మనిషి ఏ మాట దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తున్నదో అక్కడే అసలు బాధ ఉంటుంది. ఈ విద్య మీద నాకు గట్టి నమ్మకం, ఇప్పటికీ ఉంది.

ఆ నమ్మకంతో ఉన్న రోజుల్లోనే ఒక జంట వచ్చింది. ఆమెది రాజంపేట, అక్కడే అంగన్‌వాడీ టీచరు. అతనిది ఎర్రగుంట్ల, సిమెంటు ఫ్యాక్టరీలో పని. పెళ్ళై ఆరేళ్ళు, నాలుగేళ్ళ పాప. ఆమె ఆ ఉద్యోగం వదిలి రానంటుంది. అంగన్‌వాడీ పోస్టు ఆ ఊరిదే, ఇంకో ఊరికి బదిలీ కాదు, వదిలితే పోయినట్టే. అతనేమో ఉగాదిలోపు కాపురానికి రాకపోతే వకీలును చూసుకుంటానన్నాడు. రెండూళ్ళూ ఒకే రైలు దారిలో ఉన్నాయి, మధ్యలో కడప. అందుకని మా దగ్గరికి వచ్చారు.

మొదటి పది నిమిషాల్లోనే నాకు పరిష్కారం దొరికింది. ఆమె ఉద్యోగం చేసుకోవాలి, అతను వారపు సెలవు రోజున రైలెక్కి రాజంపేట పోవాలి. ఇంత చిన్న సంగతి వీళ్ళకు తట్టలేదేమని చిరాకు కూడా వేసింది. మాట నాలుక కొసదాకా వచ్చింది, మింగేశాను. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పెళ్ళికి ముందు నేను కర్నూల్లో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. కడపకు కాపురానికి వస్తూ మానేశాను. మానెయ్యమని ఎవరూ బలవంతం చెయ్యలేదు, మానొద్దనీ ఎవరూ అనలేదు. ఆ మంట నాలో చల్లారలేదు. కాబట్టి ఆమె ఉద్యోగం నిలబడాలని నా లోపల ఎవరో చేతులు జోడించి కూర్చున్నారు. ఆ మనిషిని బయటికి రానివ్వకుండా ప్రశ్నలు అడుగుతూ పోయాను. బాగానే చేస్తున్నానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

రెండోసారి వాళ్ళు వచ్చి వెళ్ళాక, ఇద్దరి ఇళ్ళూ చూడాలని నియమం. మొదట ఎర్రగుంట్లకు బస్సెక్కాను. పొద్దున ఏమీ తినలేదు. బస్సు దిగేసరికి సిమెంటు లారీల దుమ్ముతో నా నల్ల జడ బూడిదరంగుకు తిరిగింది. అతను డ్యూటీలో ఉన్నాడు. అతని తల్లి వాకిట్లోకి ఎదురొచ్చింది.

"రామ్మా, ఎండలో పడి వచ్చినావు. రెండు మెతుకులు నోట్లో వేసుకో, మళ్ళ మాట్లాడుదాం" అంది.

వేడివేడి ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీలు. బొరుగులు నానబెట్టి తిరగమాత పెట్టిన ఆ ఉగ్గాని వాసనకు కర్నూలు మనిషి లొంగకుండా ఉండలేదు. వద్దంటే పెద్దావిడ నొచ్చుకుంటుందని కూడా అనుకున్నాను. తిన్నాను. రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాను. తర్వాత ఇల్లు చూశాను, నాలుగు ప్రశ్నలు అడిగాను, వచ్చేశాను.

తరువాతి వారం ఆమె మా గదిలోకి వచ్చింది గానీ కూర్చోలేదు. అతను అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

"మీరు మా అత్తోళ్ళింట్లో తిన్నారంట గదా మేడం" అంది. "వీధంతా చెప్పుకుంటాండారు. కౌన్సిలింగ్ మేడం మావైపే, మా ఇంట్లో కూర్చొని కడుపునిండా తిన్యాదని మా అత్త అందరికీ చెప్తాంది."

నాకు ముందు కోపమొచ్చింది. తింటే ఏమైంది, రెండు బజ్జీలకు అమ్ముడుపోతానా అని అనబోయాను. సగంలో మా నాన్న గుర్తొచ్చాడు. అన్నదమ్ముల తగవులకు ఆయన్ను పెద్దమనిషిగా పిలిచేవాళ్ళు. ఇంట్లో మజ్జిగ తాగి బయలుదేరేవాడు. తగవు తెగేదాకా ఆ రెండిళ్ళలోనూ పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. మా సీమలో పంచాయితీకి కూర్చునే ప్రతి మనిషికీ తెలిసిన పద్ధతి అది. ఎవరింట్లో చెయ్యి కడిగితే వాళ్ళ మనిషివే. చిన్నప్పటినుంచీ చూసి కూడా, అదంతా పాతకాలపు పంచాయితీలకని, నేను శిక్షణ పొందిన కౌన్సెలర్‌నని అనుకున్నాను.

రాజంపేటలో ఆమె పుట్టింట్లో కూడా ఒకపూట తినేస్తే లెక్క సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. అప్పుడు ఇద్దరూ నమ్మరు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను, అతను వింటుండగానే.

"తప్పు నాదే. తినకూడదు, తిన్నాను. మీ అత్త వైపు మొగ్గలేదని నేను చెప్పొచ్చు, నమ్మాలని మాత్రం అడగలేను. ఇంకో మేడం దగ్గరికి పోతానంటే ఈరోజే ఫైలు ఇచ్చేస్తాను. ఇక్కడే ఉంటానంటే, ఎలా కూర్చుని మాట్లాడుకోవాలో నువ్వే చెప్పు."

ఆమె గది నాలుగు మూలలా చూసింది. నా కుర్చీ బల్ల వెనకాల, అతని కుర్చీకి దగ్గరగా ఉంటుంది. అన్నాళ్ళుగా నాకది కనబడనేలేదు.

"మీరు ఆ కిటికీ కాడ కూర్చోండి మేడం. మేమిద్దరం మాట్లాడుకుంటాం. మీరు వినండి, సాలు."

నా ఆఫీసులో నన్ను మూలకు పంపించింది. పోయి కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అంతవరకూ ఆ గదిలో ప్రతి ప్రశ్నా నాదే, వాళ్ళిద్దరూ నాకు జవాబులు చెప్పేవాళ్ళే తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు చూసుకోక తప్పలేదు. మొదట మౌనం, తర్వాత అరుపులు, తర్వాత మామూలు గొంతులు. నేను చెయ్యి ఏ చీర మీదికి పోతుందో చూస్తున్నాను. ఉద్యోగం మాట వచ్చింది, పోయింది. పాప మాట, అత్త మాట వచ్చాయి, పోయాయి. ఒక్క మాట మాత్రం మళ్ళీ మళ్ళీ వచ్చింది. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేశాను.

"అడగలేదు అని మూడుసార్లు అన్నావు. ఏమి అడగలేదు?"

ఆమె నా వైపు తిరగలేదు, అతనికే చెప్పింది. "ఉద్యోగానికి రాజీనామా ఇస్తాదిలే అని మీ అమ్మతో చెప్పినావు. నన్ను అడగలే. పాపకు ఎర్రగుంట్ల బళ్ళో పేరు రాయించినావు. నన్ను అడగలే. వస్తావా అని ఒక్కనాడన్నా అడిగినావా?"

అతను చాలాసేపు చేతుల్లోని సైకిల్ తాళం తిప్పుతూ కూర్చున్నాడు.

"అడిగితే రానంటావని భయమాయె" అన్నాడు. తర్వాత తలెత్తి, "ఇప్పుడు అడుగుతాండా. వస్తావా?" అన్నాడు.

రైలు సంగతి చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఆమె వారం గడువు అడిగింది. వారం తర్వాత వచ్చి తన షరతు చెప్పింది. రెండు నెలలు సెలవు పెట్టి ఎర్రగుంట్లలో ఉండి చూస్తుంది. గడువు అయిపోగానే అతనే ఆమెను స్టేషనుకు తీసుకొచ్చి, పెట్టె మోసి, రాజంపేట రైలెక్కించాలి. అప్పుడు ఒక్క మాట అనకూడదు. మా వైపు పెళ్ళాం ఒంటరిగా రైలెక్కితే అలిగి పోయిందంటారు. మొగుడే ఎక్కిస్తే నోరెత్తే ధైర్యం ఎవరికీ ఉండదు. నాకు పదేళ్ళు ఆలోచించినా తట్టని షరతు అది. అతను ఒప్పుకున్నాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. సెలవుతో మొదలై ఉద్యోగాలు ఎలా పోతాయో నాకు తెలుసు.

ఉగాది వెళ్ళింది. వకీలు మాట రాలేదు. ఎండలు ముదిరాక ఒక రోజు ఆమె ఒక్కతే వచ్చింది, చేతిలో స్టీలు గిన్నె.

"రైలెక్కించినాడా?" అన్నాను, కూర్చోమని కూడా అనకుండా.

"ఎక్కించినాడు మేడం. పెట్టె మోసుకొచ్చినాడు, రైలు కదిలేదాకా కిటికీ కాడనే నిలబడినాడు. ఒక్క మాట అనలే. నేను పోయి వారం రోజులు అంగన్‌వాడీ సెంటర్లో కూర్చున్యా. ఎనిమిదో రోజు రాజీనామా ఇచ్చి ఎర్రగుంట్లకు వచ్చేస్తి. ఎవరూ తోడు రాలే, నేనే పాపనెత్తుకొని వచ్చినా. లారీ స్టాండు పక్కన గుడిసెల్లో పిల్లోళ్ళు ఉండారు, వాళ్ళను సాయంత్రం మా అరుగు మీద కూర్చోబెట్టుకొని అక్షరాలు చెప్తాండా."

"అయ్యో" అన్నాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

ఆమె నవ్వింది. "మీ మనసులో ఏముండాదో నాకు మొదటి రోజే తెలుసు మేడం. ఉద్యోగం ఇడవద్దు అని మీ మొగమే చెప్తాండె. అయినా నోరు తెరవలే. తెరిచింటే, ఉద్యోగంలో ఉన్నా మీ మాట మీద ఉన్నట్టే, ఇడిసినా మీ మాట కాదని ఇడిసినట్టే. ఇప్పుడు అదేం లే. బాగుంటే నాదే, బాగలేకున్యా నాదే."

నాకు గర్వంగానూ ఉంది, బాధగానూ ఉంది. ఫైలు తీసి, ముగిసిందని రాసి, ఆమెతో సంతకం పెట్టించాను. అతని సంతకం షరతుకు ఒప్పుకున్న రోజే తీసుకున్నాను.

"మూసేసినారా?" అంది.

"మూసేశాను."

అప్పుడు గిన్నె మూత తీసింది. ఉగ్గాని. "మా అత్త తిరగమాత పెట్టింది, బజ్జీలు నేను చేసినా. ఇప్పుడు తినండి. ఇప్పుడు మీరు ఎవరి మనిషీ కాదు."

తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది. కాసేపటికి మెల్లగా, "మిమ్మల్ని ఎవరూ అడగలేదు గదా మేడం?" అంది.

నా కాలేజీ సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఎలా కనిపెట్టిందో నాకిప్పటికీ తెలియదు. తల అడ్డంగా ఊపాను.

ఆమె గిన్నె నా వైపు జరిపి, "ఇంకొంచెం పెట్టేదా?" అని అడిగింది.