మామ్మ చుట్ట, నా పాలు

నా పాలు మా మామ్మ కాశీలో వదిలేసింది.

కాశీకి పోయినవాళ్ళు తమకి ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలి రావాలి కదా. ఒకరు వంకాయ వదులుతారు, ఒకరు పనసపండు. తెలివైనవాళ్ళు కాకరకాయ వదిలి, గంగలో మూడు మునకలేసి, పుణ్యం మూట కట్టుకుని వస్తారు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, వీళ్ళందర్నీ మించింది. నాన్నకి రాయ్‌పూర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు పని. ఇంటికి పాసు వచ్చేది. ఆ ఏడు పాసు ఊరికే చెల్లిపోతుందన్న బెంగతో మామ్మ కాశీ బయల్దేరింది. మాది మూడు నామాల ఇల్లు, విశ్వనాథుడితో మాకేం పని అని నాన్న అంటే, "పాసు మీద ఏ దేవుడైనా ఒకటేరా" అంది.

అక్కడ పండా, అంటే గంగ ఒడ్డున మొక్కులు చెప్పించే పురోహితుడు, అడిగాడట, అన్నిటికన్నా ఇష్టమైనదేది చెప్పమ్మా అని. మామ్మకి అన్నిటికన్నా ఇష్టమైనది చుట్ట. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు తాగే అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగేది. గంగలో మొలలోతున నిలబడి, నోరు తెరిచి, చుట్ట అనబోయి, చటుక్కున "మా మనవడి పాలు" అనేసింది. పండా ఇంకా ఘనుడు. పాలంటే పెరుగూ మజ్జిగా వెన్నా నెయ్యీ అన్నీ వచ్చేసినట్టే అని మంత్రం చదివేశాడు. ఆ టైముకి నాలుగేళ్ళవాణ్ణి నేను రాయ్‌పూర్‌లో అమ్మ పక్కన కూచుని పాలన్నం తింటున్నాను.

తిరిగొచ్చాక అమ్మ ఏడిచింది. మామ్మ తొణకలేదు. "నానేటి తప్పు సేసినాను? నాకిష్టమైనోడు ఆడు. ఆడికిష్టమైనయి పాలు. నాకిష్టమైందే వొదిలినట్టు కాదేటి?" అంది.  పైగా నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని, "నువ్వు గాని పాలు తాగినావంటే మొక్కు సెడి నాను బల్లినై పుడతాను. నీ గోడ మీదే తిరుగుతాను, సూసుకో" అని బెదిరించింది. నాకు బల్లంటే హడలు. మామ్మంటే ప్రాణం. ఇంకేముంది, పాలు పోయాయి.

నీసు, అంటే చేపా మాంసమూ, మా తాత నామం పెట్టుకున్న రోజే ఇంట్లోంచి పోయింది. ఇప్పుడు పాలూ నెయ్యీ పోయాయి. ఈ గుంటడు బతికేదెలా అని చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్ళందరూ బుగ్గలు నొక్కుకున్నారు. అమ్మ మాత్రం పంతం పట్టింది. పొద్దున్న చద్దన్నం, తరవాణి, ఉల్లిపాయ. తర్వాత చోడి అంబలి, అదే రాగి అంబలి. మధ్యాహ్నం ఉలవకట్టు, మునగాకు వేపుడు, రాయ్‌పూర్ బజారులో దొరికే పది రకాల ఆకుకూరల్లో ఏదో ఒకటి. సాయంత్రం నానబెట్టిన వేరుశెనగ గుళ్ళు, మొలకలొచ్చిన శెనగలు, చేతిలో రెండు చిమ్మిలి ఉండలు. నువ్వులూ బెల్లమూ దంచిన ఆ చిమ్మిలి తిని నేను నల్లరాయిలా తయారయ్యాను. ఉలవలు గుర్రాల తిండి కదా అని ఎవరో అంటే, "గుర్రం ఏ ఆవు దగ్గర పాలు తాగి పరిగెడుతోంది?" అన్నాడు నాన్న.

పదిహేడేళ్ళకి నాకు కుస్తీ పిచ్చి పట్టింది. స్వతంత్రం వచ్చిన కొత్త. పురానీ బస్తీలో ఒక అఖాడా, కుస్తీ నేర్పే చోటు, ఉండేది. తెల్లారగట్లే వెళ్ళి గోదా మట్టి తవ్వి, దండీలూ బస్కీలూ తీసి, ఎవడో ఒకడి చేత మెడ విరగ్గొట్టించుకుని వచ్చేవాణ్ణి. అక్కడ నా పేరు మద్రాసీ. చింతపండు నీళ్ళు తాగేవాడికి కుస్తీ ఏమిటని ఇకిలించేవారు. వాళ్ళూ తినేది అన్నమే, పొద్దున్నే నీళ్ళన్నం వాళ్ళదీ, మాదీ. అయినా సరే, మద్రాసీ మద్రాసీయే. మా రైల్వే క్వార్టర్ల తెలుగువాళ్ళలో అంతవరకూ ఎవడూ నాగపంచమికి జరిగే కుస్తీ పోటీల్లో, ఆ దంగల్‌లో దిగలేదు. ఆ రోజు గోదాలో దిగి, మద్రాసీ అన్న ప్రతి నోరూ మూయించాలని నా కోరిక. అంతకు మించి ఆ వయసులో నాకు ఏ ధ్యాసా లేదు.

దంగల్‌కి నెల ముందు మా ఉస్తాద్ పేర్లు రాస్తూ నన్ను పిలిచాడు. ఆయన పెద్ద మీసాల మనిషి, మంచివాడే, కానీ పాలంటే పిచ్చి. పొద్దున్న కుస్తీ అయ్యాక చేలాలు, అంటే శిష్యులందరూ ఆయన ఎదురుగా చెంబెడు పాలు తాగాలి. నేనొక్కణ్ణే తాగనని ఆయనకి కొన్నాళ్ళుగా గుర్రు. "దూద్ నై పీబే త కా లడబే?" అన్నాడు, పాలు తాగనివాడివి నువ్వేం పోరాడతావురా అని. రేపట్నుంచి నా కళ్ళముందు రోజూ చెంబెడు తాగు, లేదా పేరు కొట్టేస్తానన్నాడు. కాశీ మొక్కు సంగతి చెప్పాను. ఎవరి మొక్కు అన్నాడు. మా మామ్మదన్నాను. అఖాడా అంతా పడీపడీ నవ్వింది.

ఒళ్ళు మండి ఇంటికొచ్చాను. మామ్మ గుమ్మంలో కూచుని చుట్ట పీలుస్తోంది. "నువ్వు వదలాల్సింది అది! నా పాలు వదిలి నీ చుట్ట దాచుకున్నావు. ఇదేం దిక్కుమాలిన మొక్కే?" అని అరిచాను. పక్క క్వార్టర్ల తలుపులన్నీ తెరుచుకున్నాయి. మామ్మ చుట్ట ఆర్పింది. మామ్మ మాట పడి మాట అనకపోవడం నేను పుట్టాక అదే మొదలు.

మామ్మ మూడోనాడు పొద్దున్న కుళాయి దగ్గర నిలబడి, మా ఊరివాడే అయిన రైల్వే గార్డు ఒకాయన విజయనగరం నుంచి తెచ్చిపెట్టిన చుట్టల కట్ట మొత్తం నీళ్ళ బకెట్లో ముంచేసింది. దోసిట్లో నీళ్ళు పోసుకుని, "ఇస్సనాదా, మారుస్తన్నాను. ఆడి పాలు ఆడికిచ్చీ. నా సుట్ట నువ్వు తీసీసుకో" అంది. కాశీ వెళ్ళక్కర్లేదా అని అమ్మ అడిగితే, "ఆయనకి సెవులున్నాయిలే" అని లోపలికి పోయింది.  నేను అఖాడాకి పరిగెత్తి ఉస్తాద్ ముందు చెంబెడు పాలు గటగటా తాగేశాను.

పదమూడేళ్ళుగా పాలు చూడని కడుపది. అరగంటకి లోపల గూడ్సు బండి షంటింగు మొదలైంది. ఒకడి మెడ పట్టుకుని ఉన్నవాణ్ణి, వాడి మెడ అక్కడే వదిలి, లంగోటీతోనే చెరువు గట్టు వెంట పరుగు తీశాను. మర్నాడూ అంతే. మూడోనాడు చెరువు దాకా కూడా పోలేకపోయాను, ఆ వివరాలు మీకెందుకు. ఉస్తాద్ మాత్రం మురిసిపోయాడు. ఒంట్లో చింతపండంతా బయటికి పోతోంది, మంచిదేనన్నాడు. వారం తిరిగేసరికి నా తొడలు కరిగిపోయాయి. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి.

ఇంట్లో మామ్మ పని నా కంటే అన్యాయంగా ఉంది. వేపపుల్ల నమిలేది, చీపురుపుల్ల నమిలేది, చీర చెంగు నమిలేది. తల పగిలిపోతోందని గుడ్డ కట్టుకునేది. అయినా పొద్దున్నే లేచి, పాలవాడితో దెబ్బలాడి చిక్కటి పాలు పోయించుకుని, తనే కాచి, చెంబులో పోసి నా చేతికిచ్చేది. "తాగురా, నా తండ్రే. తాగి ఆళ్ళ నడుములిరగ్గొట్టు" అనేది. ఆ మొహం చూసి, మామ్మా ఇవి నాకు పడవే అని ఎలా చెప్పను?

అమ్మకి చెప్పాను. అమ్మ ఆ రాత్రే నువ్వులు నానేసింది. పొద్దున్న రుబ్బురోట్లో మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండితే తెల్లటి పాలు దిగాయి. మామ్మ ఇచ్చిన చెంబులో పాలు చాటుగా వేరే గిన్నెలోకి ఒంపి, కాస్త బెల్లం వేసి ఇవి పోసింది. రోలు చప్పుడేమిటని మామ్మ అడిగితే, నలుగుపిండి అంది. ఉస్తాద్ చెంబులోకి తొంగి చూశాడు, తెల్లగా ఉంది, మీసం దువ్వుకున్నాడు. మరి మామ్మ కాచిన అసలు పాలు ఏమయ్యేవంటారా? ఇంట్లో టీలోకి. మూడు పూటలా చిక్కటి టీ, మామ్మ గ్లాసుతో సహా. "ఈమజ్జిన టీ బావుంటందే" అని మామ్మే మెచ్చుకునేది. అమ్మా నేనూ మొహాలు చూసుకునేవాళ్ళం కాదు.

నువ్వుల పాలు, ఉలవలు, అంబలి. పది రోజుల్లో ఒళ్ళు మళ్ళీ నాదైంది.

నాగపంచమినాడు నాకు తగిలినవాడు పాలవాడి కొడుకే. పొదుగు దగ్గర నోరు పెట్టి పెరిగినవాడు, బుగ్గలు చూస్తేనే తెలుస్తుంది. మొదటి పట్టులోనే నన్ను మట్టి కరిపించాడు, కానీ నేను వీపు ఆననివ్వలేదు. నేను బోర్లా పడుకుని గడ్డి పట్టినట్టు మట్టి పట్టుకున్నాను. వాడు లాగాడు, తోశాడు, మీద కూచున్నాడు. కాసేపటికి వాడికి ఆయాసం మొదలైంది. నాకు రాలేదు. వాడు ఊపిరి తీసుకోడానికి చెయ్యి వదులు చేసిన క్షణాన తిరగబడి, నడుం మీంచి ఎత్తి వెల్లకిలా వేశాను. చిత్!

డోళ్ళు మోగాయి. ఉస్తాద్ నన్ను భుజాన ఎత్తుకుని, "దేఖా? దూద్ కా కమాల్!", చూశారా పాల మహిమ, అని ఊరంతటికీ వినిపించేలా అరిచాడు. నేను నోరు మూసుకున్నాను. చెబితే అఖాడాలోంచి తన్ని తరిమేస్తారు. ఇంటికొస్తే మామ్మ క్వార్టర్ల వరస మొత్తం తిరిగి చెబుతోంది: "నా సుట్ట గెలిపించింది ఆణ్ణి! నాను వొదలబట్టి!" ఆవిడ కళ్ళలో నీళ్ళు. నా మెడలో దండ. అప్పుడే చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను, ఆ రేపు ఆరేళ్ళు పట్టింది.

ఆరేళ్ళలో నేను ఇంకో నాలుగు దంగల్‌లు గెలిచాను, రెండు ఓడాను, రైల్వేలో ఖలాసీగా చేరాను. మామ్మ ఆరేళ్ళూ చీపురుపుల్లలు నమిలింది. ఎవరైనా చుట్ట కాలుస్తూ వీధిలో పోతే, ఆ పొగ వెళ్ళిపోయేదాకా గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చేది. చూసి కూడా ఊరుకున్న వెధవని నేను. గెలిచిన దండలన్నీ తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక శీతాకాలం మామ్మ మంచం పట్టింది. డాక్టరు పెదవి విరిచి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే ఊరి గార్డు దగ్గరికెళ్ళి ఒక చుట్ట అడిగి తెచ్చాను. మంచం పక్కన కూచుని, మొత్తం చెప్పేశాను. పాలు పడలేదని, తాగింది ఏడు రోజులేనని, గెలిచింది నువ్వులతోనని, ఆవిడ కాచిన పాలు ఆవిడే టీలో తాగిందని.

మామ్మ నీ గెలుపే నాకు చాలు నాయనా అంటుందని ఎదురుచూశాను, నా బుద్ధి అంతే. ఆవిడ మోచేతి మీద లేచి కూచుంది.

"ముదనష్టపోడా! ఆరేళ్ళు! ఆరేళ్ళు నా నోరు ఎండగట్టినావు కదరా, సచ్చినోడా! నీ కుస్తీ కూలిపోను! ఆరేళ్ళ సుట్టలు ఎవుడిస్తాడ్రా నాకు, నీ ఉస్తాదిస్తాడా?"

చెయ్యి చాచి ఒకటిచ్చింది కూడా. జబ్బుమనిషి దెబ్బని నేను అనుకున్నాను గానీ, చెవి గింగురుమంది. తర్వాత చుట్ట లాక్కుంది. నేను అగ్గిపుల్ల గీశాను. అంటించి, తిప్పి, నిప్పు కొస నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దగ్గింది, నవ్వింది, మళ్ళీ దగ్గింది. సగం కాల్చాక చుట్ట బయటికి తీసి, వేలు చూపించింది.

"ఇంటన్నావా? నా సుట్ట నాకొచ్చీసింది. నీ పాలు మళ్ళీ ఇస్సనాదుడివి. ముట్టినావా, బల్లినై పుడతాను."

"ముట్టనే" అన్నాను.

నేను రోజూ తెచ్చిన చుట్టలు తెచ్చినట్టే ఇరవై రోజులు కాల్చింది. ఆ తర్వాత పోయింది.

అఖాడాలో ఉస్తాద్ చేలాలు ఇంకా అడుగుతూనే ఉంటారు, పాలెందుకు మానేశావని. పడవని చెబితే సరిపోతుంది. నేను అలా చెప్పను. మామ్మకి మాటిచ్చానని చెబుతాను, నవ్వితే నవ్వుకోమంటాను. ఇంట్లో గోడ మీద బల్లి కనిపిస్తే మాత్రం ఇప్పటికీ చీపురెత్తను. టీ గ్లాసు దానికి కనిపించేలా పట్టుకుని, నల్లగా ఉందో లేదో చూసుకోమంటాను.