ఇరవై ఐదో తారీఖు కూర

మా సాలవ్వకు ఎవరి జీతమైనా తెలుసుకోవాలంటే అడగనక్కర్లేదు. ఇరవై ఐదో తారీఖున వాళ్ల పొయ్యి మీది గిన్నె మూత ఎత్తితే చాలు.

2011లో ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి, ఆమె ఇంట్లో పెద్ద వాటా అడిగాను. కిరాయి రెండు వేలు. ఎరువుల దుకాణంలో నా జీతం ఆరు వేలు.

"నాకు ఎనిమిది వేలొస్తయ్ అవ్వా," అన్నాను దర్జాగా.

"నాకెందుకు జెప్తవ్ కొడుకా? ఒకటో తారీఖు అందరు దొరలే. ఇరవై ఐదునాడు నేనే చూసుకుంట."

సామాను దింపుతుంటే పక్క వాటా మెకానిక్ యాకూబు చెవిలో చెప్పాడు. "పైలం అన్నా! ఆనాడు పచ్చిపులుసు కనబడ్డదా, సామాను బయటికే. నాది గూడ ఒకసారి పడేసింది."

పెళ్లయిన ఏడాదికి అనిలను తెచ్చుకున్నాను. ఈ ఇల్లు పోతే ఆమె మళ్లీ ఎల్లారెడ్డి బస్సెక్కాల్సిందే.

ఇరవై ఐదు రానే వచ్చింది. ఇంట్లో మిగిలింది చింతపండు, ఉల్లిగడ్డ, కాస్త మసాలా. అనిల పచ్చిపులుసును మూలకు దాచి, ఉత్త మూకుట్లో మసాలా వేయించి మూత పెట్టింది. వాసనకు గల్లీ అంతా లొట్టలేసింది.

"ఏం కూర బిడ్డా?" అంటూ సాలవ్వ వచ్చింది.

"కోడికూర అవ్వా," అంది అనిల.

అవ్వ మూత ఎత్తింది. "కోడేది? ఇంక గుడ్డుల నుంచి ఎల్లలేదా?"

తర్వాత నేరుగా మూలకు వెళ్లి పచ్చిపులుసు రుచి చూసింది. "ఉప్పు తక్కువైంది. సామాన్లు సదురుకోండి."

అనిల కళ్లు నిండాయి. నాకు ఒళ్లు మండింది. "కిరాయి కడుతున్నం గదా, మేం తినేది నీకెందుకు?"

ఆమె వింటేగా! యాకూబుతో మా మంచం ఎత్తించింది. మంచం వాకిట్లోకి కాకుండా పెరట్లోకి నడిచింది. అక్కడ బావి పక్కన, తన వడ్ల బస్తాలు తీయించి సున్నం కొట్టించిన ఒంటిగది అర్ర ఉంది.

"ఆరు వేల జీతానికి గిది జాలు. ఎనిమిది నూర్లియ్యి."

"ఆరు వేలని నీకెట్ల తెలుసవ్వా?"

"ఎనిమిది వేలోని ఇంట్ల ఇయ్యాళ టమాటనన్న ఉంటది."

సిగ్గుతో చచ్చిపోయాను. యాకూబు మీద పడ్డాను. "పడేసింది అంటివి గదా!"

"యాడ పడేసిందో నువ్వడగలే," అన్నాడు వాడు.

2014కు నా జీతం నిజంగానే తొమ్మిది వేలైంది. అర్ర వదలబుద్ధి కాక ఆ మాట దాచాం. ఒక నెల ఇరవై ఐదున అనిల తలుపులన్నీ బిగించి నిజాంసాగర్ చేపలు వండింది. పొయ్యి ముందు పచ్చిపులుసు గిన్నె పెట్టింది.

సాలవ్వ గడపలోనే వాసన పట్టింది. "సామాన్లు సదురుకోండి. పెద్ద వాటాల కొత్త జంట దగ్గర పచ్చిపులుసు దొరికింది. వాళ్లిటు, మీరటు. కిరాయి రెండు వేలే. చేపల పులుసు నాకింత పెట్టి పోండ్రి."

పెద్ద వాటాలో ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ గిన్నెలు సర్దుతోంది. "మేం తినేది ఆమెకెందుకన్నా?" అని ఆమె మొగుడు నా మీద మండిపడ్డాడు.

వాళ్ల మంచం ఎక్కడికి పోతుందో మాత్రం అతను అడగలేదు. నేనూ చెప్పలేదు. నవ్వు ఆపుకుంటూ రెండో పక్క పట్టుకున్నాను.