అడగని గడ్డం

ఆటకు ముందు గడ్డం గీయించుకోకుండా బలరాం ఏనాడూ బరిలో కాలు పెట్టలేదు. రఘునాథపల్లి రోడ్డు మీద పంక్చర్ల దుకాణం, పొద్దు వాలితే బడి వెనక ఎర్రమట్టిలో కబడ్డీ, మంగలి కట్టయ్య కత్తి కింద నున్నగా మెరిసే చెంపలు. పెళ్లయిన పదిహేనేండ్లలో పుష్ప ఎరిగిన మొగుడు ఇంతే. ఆడడం మానేసి జట్టుకు నేర్పడం మొదలుపెట్టినా ఆ అలవాటు పోలేదు. అందుకే ఆ వానాకాలం అతని చెంపల మీద మొలిచిన మొదటి నీడను, చెప్పకుండా ఇంట్లోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు చూసిందామె.

నెల తిరిగేసరికి నీడ పొదయింది.

ఊరికి మాత్రం ఏ అనుమానమూ లేదు. అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపో దాటడం లేదు, బడికి తాళం పడింది. తెలంగాణ వచ్చేదాకా గడ్డం గీయనని మొక్కుకున్నవాళ్లు చుట్టుపక్కల నలుగురైదుగురు ఉన్నారు. దీక్షా శిబిరం నడిపే యాకయ్య తాను మాత్రం రోజూ నున్నగా గీయించుకునే మనిషి. బలరాంను చూడగానే బంతిపూల దండ వేసి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. ఎందుకు పెంచుతున్నావని అడగలేదు. తెలిసిందనుకున్న సంగతిని ఎవరడుగుతారు? బలరాం ఏదో చెప్పబోతే నినాదాల హోరులో ఆ మాట కొట్టుకుపోయింది.

పుష్పకు ఆ దండ నచ్చలేదు. మొక్కుకున్నవాడు ఇంట్లో చెప్పుకుంటాడు, గొప్పలు పోతాడు. ఈయన పళ్లెం ముందు కూర్చుని అన్నంలో ఎవరో రాసిన ఉత్తరం చదువుతున్నట్టు చూస్తాడు. పైగా బండి మాటిమాటికీ తండా వైపు పోతోంది. ఎవరో ఆడమనిషి గడప అయి ఉంటుందని మొదట అనుకుంది. తండాలో తెలిసిన ఇల్లు జైసింగ్‌ది ఒక్కటే. జట్టులో వాణ్ని మించిన కూతగాడు లేడు. కానీ ఎండాకాలం జనగామ ఫైనల్లో చివరి కూతకు పోయి, పక్క హద్దు గీత దాటి, ఒక్క పాయింటుతో ఆట పోగొట్టిన నాటి నుంచి వాడు మనుషుల్లోకి రావడం లేదు. గాలి సోకిందని తల్లి తాయెత్తు కట్టించిందట.

ఆ అనుమానం పోయి ఇంకో భయం పట్టుకుంది. పేపరు తెరిస్తే చాలు, తెలంగాణ కోసమని ప్రాణాలు తీసుకున్నవాళ్ల ఫోటోలు. మాటలు తగ్గిపోయిన మనిషి దేనికి సిద్ధమవుతున్నాడో ఎవరికి తెలుసు? ఆయన స్నానానికి పోతే పుష్ప తలుపవతల నిలబడి నీళ్ల చప్పుడు వినేది. చప్పుడు ఆగితే ఆమె ఊపిరీ ఆగేది.

ఒకనాడు చొక్కా ఉతకబోతే జేబులో సగం వాడిన మాత్రల పట్టీ, రెండు దవాఖాన చీటీలు దొరికాయి. హనుమకొండలో మనసుకు వైద్యం చేసే డాక్టరు రాసినవి. ఒకదాని మీద జైసింగ్ పేరు. రెండోదాని మీద మొగుడి పేరు.

చీటీలు మళ్లీ జేబులో పెట్టి, చొక్కా ఉతకకుండానే దండెం మీద వేసింది. అడగలేదు. అబద్ధం చెబుతాడని కాదు, నిజం చెబుతాడేమోనని.

వారం తర్వాత హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డున పొయ్యిలు రాజేశారు. లారీలు ఆగిన చోట సున్నంతో గీతలు గీసి కబడ్డీకి బరి సిద్ధం చేశారు. బలరాం ఎట్లా ఒప్పించాడో, జైసింగ్ కూడా వచ్చాడు. తల మీద తువ్వాల కప్పుకుని కిలోమీటరు రాయి మీద ఒంటరిగా కూర్చున్నాడు. యాకయ్య మైకు పట్టుకుని, తెలంగాణ కోసం గడ్డం పెంచిన బిడ్డ వీడేనని బలరాం చెయ్యి పైకెత్తాడు.

పుష్ప గంటె పట్టుకుని పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"జర ఆగే అన్నా. ఆయన్నే చెప్పనియ్యి." మొగుడి వైపు తిరిగింది. "గీ గడ్డం ఎందుకు పెంచినవయ్యా?"

బలరాం యాకయ్య చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "నలభై రోజుల సంది గీ మాట ఎవలన్న అడుగుతరేమోనని చూస్తున్న" అన్నాడు.

మైకు పక్కన పెట్టి చెప్పాడు. తెలంగాణ రావాలె, అది వేరే ముచ్చట. ఆడిన రోజుల్లో ప్రతి ఆటకు ముందు తనకు నిద్ర పట్టేది కాదు. బడి గోడ వెనక వాంతి చేసుకుని, అది ఎవరికీ కనబడొద్దని నున్నగా గీయించుకుని బరిలోకి దిగేవాడు. తీరా అదే భయం ఇంకొకడికి పట్టుకుంటే, పిరికోడివని అందరి ముందు తిట్టింది తానే. ఆ ఇంకొకడు ఎవరో చెప్పలేదు.

"కాలిరిగితె కట్టు కనబడ్తది. మనసిరిగితె ఏం కనబడ్తది? గందుకే మొఖం మీద పెంచిన. అడిగినోళ్లకన్న చెప్దామని. ఆటగాళ్లకు గిట్లయితది, దవాఖానకు పోతె సిగ్గేం లేదని."

"అంటే మన కోచ్ పిచ్చి దవాఖానకు పోయిండన్నట్టు" అని గుంపులోంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

జైసింగ్ రాయి మీది నుంచి లేచాడు. తువ్వాల తీసి నడుముకు బిగించాడు. "ఒక్కడు పోలే. ఇద్దరం ఒక్క బండి మీదనే పోయినం" అన్నాడు. బరి దాకా నడిచి సున్నపు గీత ముందు నిలబడ్డాడు. "నవ్వినోడు గీత అవుతల నిలబడాలె. నేను కూతకొస్త."

తారు మీద ఉత్తకాళ్లు. కూత మొదలైంది, సన్నగా, తెగని దారంలా. బలరాం గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతని పెదవులు ఆ కూతతో పాటే కదులుతున్నాయి. పుష్ప ఆ పెదవులనే చూసింది. నలభై రోజుల్లో మొదటిసారి ఆమె ఊపిరి దానంతటది ఆడింది.

పొయ్యి దగ్గరికి తిరిగొస్తే వెనకనే యాకయ్య వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెల్లె, ఆ డాక్టరు ఏ రోజుల్ల ఉంటడు? మా బామ్మర్దికోసం అడుగుతున్న."

యాకయ్యకు బామ్మర్దులు లేరు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఐతారం తప్ప రోజూ ఉంటడే అన్నా" అంది పుష్ప, చీటీ మీద చదివింది గుర్తు చేసుకుని. తర్వాత అతని నున్నటి చెంపల వైపు అనుమానంగా ఒకసారి చూసి, కాసింత ఎక్కువే అన్నం వడ్డించింది.