ఎవరి వైపూ కాని ఊరిపెద్ద

మా మేనమామ ఖాంపూయ్ పదహారేళ్ళు బాన్ నాఖూన్ ఊరిపెద్ద. కుర్రతనంలో మఠంలో నాలుగక్షరాలు నేర్చుకున్నాడు, ఆ పాపానికి ఊరి భారం నెత్తిన పడింది. ఎవరి గేదె ఎవరి చేలో పడ్డా ఇద్దరినీ పిలిచి, చెరో ముద్ద పెట్టి, చెరో తిట్టు తిట్టి పంపేవాడు. అందరూ వినేవారు.

అరవై రెండులో మా దేశాన్నేలే దొరలు జెనీవాలో సంతకాలు పెట్టొచ్చారు, లావోస్ ఎవరి పక్షమూ కాదని. ఆ కాగితం నకలును మామ ఇంటి గుంజకు అంటించాడు. బాగానే ఉంది. కానీ అటు అమెరికా, ఇటు హనోయ్, దాని వెనక రష్యా, ఎవరి తుపాకులు వాళ్ళు మా కుర్రాళ్ళ చేతికే ఇచ్చి మా మీదికే తోలారు. వాళ్ళ మొహాలు మండ! పడమటి కొండ మీద అమెరికా తుపాకుల దండు, తూర్పు అడవిలో హనోయ్ తుపాకుల దండు, మధ్యలో మా నలభై ఇళ్ళు.

ఎవరొచ్చినా మామ చాప పరిచేవాడు. జిగురన్నం, చేపల పచ్చడి, సారా. వెళ్ళేటప్పుడు మణికట్టుకు దారం కట్టేవాడు. ఒంట్లో ప్రాణాలు చెదిరిపోకుండా కట్టేది అది, మూడు రోజులదాకా తెంచకూడదు. మా ఊరి దారం పసుపులో తడిపింది. చుట్టుపక్కల ఇంకెవరిదీ అలా ఉండదు.

"కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. దారం కడితే ఎవడికీ కోపం రాదే పిచ్చిదానా," అనేవాడు నాతో.

ఎంత తెలివి!

అరవై నాలుగు వరికోతల్లో, వాగు వంతెన దగ్గర పడమటివాళ్ళు తూర్పు దండులో ఐదుగురిని చంపారు. ఆ మధ్యాహ్నం పడమటివాళ్ళ లెఫ్టినెంటు మా మామ ఇంటికొచ్చి గోనెసంచిని చాప మీద బోర్లించాడు. ఐదు చేతులు, మోచేతుల దగ్గర నరికినవి. ఐదింటికీ పసుపు దారాలు. మా అత్త బువా చేతిలోని అన్నం బుట్ట జారిపోయింది.

"ఎవడు కట్టాడయ్యా ఇవి?"

"నేనే బాబూ. నీకు కట్టిన చేత్తోనే."

లెఫ్టినెంటు తన చెయ్యి చూసుకున్నాడు. మొన్న మామ కట్టిన దారం అక్కడే ఉంది. సిపాయిల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. అదే కొంప ముంచింది. లెఫ్టినెంటు కత్తితో ఆ దారం తెంపి పారేశాడు. మామ కుడిచెయ్యి గడప మీద పెట్టించి, తుపాకీ మడమతో వేళ్ళన్నీ దంచాడు, రోట్లో మిరపకాయలు దంచినట్టు. ఎముకలు విరిగిన చప్పుడు నేను విన్నాను.

"గోడ మీద పిల్లీ! ఇవాళ దూకు. మా వైపా, వాళ్ళ వైపా?"

"ఎవరి వైపూ కాదు... గుంజ మీద చదువుకో. సంతకం మీ దొరదే."

మీ వైపే అంటే తెల్లారేసరికి తూర్పువాళ్ళకు తెలిసిపోతుంది. పోయిన నెల అలా అన్న పొరుగూరిని వాళ్ళు మనుషులతో సహా తగలబెట్టారు. అందుకే మామ పళ్ళు బిగబట్టాడు.

లెఫ్టినెంటు అత్త జుట్టు పట్టి లాగి, తుపాకీ గొట్టం నోట్లో కుక్కాడు. ఆమె ముందుపళ్ళు రెండు విరిగి చాప మీద పడ్డాయి.

"మీ వైపే," అన్నాడు మామ.

"వినబడలా."

"మీ వైపే! ఊరంతా మీ వైపే!"

వీధి వీధంతా విన్నది. వాళ్ళు మామ గుమ్మానికి తమ జెండా కట్టి వెళ్ళిపోయారు.

తెల్లారి తూర్పువాళ్ళు కాగడాలతో వచ్చారు. మామ వాళ్ళను ఊళ్ళోకి రానివ్వకుండా తానే పొలం గట్టు మీదికి ఎదురెళ్ళాడు.

"అన్నది నేను, ఊరు కాదు. నా మెడ తీసుకుని పొండి."

"ఇప్పుడు మా వైపని అను, వదిలేస్తాం," అన్నాడు వాళ్ళ నాయకుడు.

"నిన్న ఒకసారి అబద్ధమాడాను. ఇక నావల్ల కాదు."

తూటాలు దండగని తుపాకీ మడమలతోనే కొట్టి చంపారు. చాలాసేపు పట్టింది. ఊరి జోలికి రాలేదు.

శవాన్ని కడిగేటప్పుడు అత్త ఆ చితికిన చెంప మీద చెళ్ళున కొట్టింది.

"నా ఒక్కదాని కోసం మాట తప్పుతావా సన్నాసీ? నన్ను పోనివ్వలేకపోయావా?"

మళ్ళీ కొట్టింది. మేమెవరమూ ఆపలేదు.