ముందు వెలిగిన లైటు

తణుకు దారిలో మా బస్సు, పక్కకు తిరుగుతున్న చెరకు ట్రాక్టరును గుద్దేసింది. వచ్చిన కానిస్టేబుల్ బస్సు ముందు సీట్లో ఉన్న నన్నే అడిగాడు.

“ట్రాక్టరువాడు సిగ్నల్ లైటు వేశాక తిరిగాడా, తిరిగాక వేశాడా?”

“తిరిగాకే వేశాడండి.”

“ముందే వేశానండి బాబూ!” నెత్తురు కారుతున్న నుదురు పట్టుకుని ట్రాక్టరు డ్రైవరు ఏడ్చాడు.

నా పక్కనున్న పెద్దాయన మెల్లిగా అడిగాడు. “అప్పుడు మీరు దేన్ని చూస్తున్నారండి?”

“చక్రాల్ని.”

“నేను రైల్వే గేటు కాసేవాణ్ణండి. ఒకే స్విచ్చుకి రెండు లైట్లు ఒక్కసారే వెలిగేవి. నేను దేన్ని చూస్తుంటే అదే ముందు వెలిగినట్టుండేది.”

కానిస్టేబుల్ సంతకం కోసం కాగితం నా ముందు పెట్టాడు.

“ఏది ముందో తెలియదని రాయండి,” అన్నాను.

దారంతా నాతో కబుర్లాడిన మా డ్రైవరు మొహం తిప్పుకున్నాడు. ట్రాక్టరు వెనక ఆ లైటు ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది.