వేగపు ముల్లు కదలని ఉదయం

సహోదరీ సహోదరులారా, నాకు ఈ మైకు ఎందుకు పెట్టారో తెలియదు, నేను ప్రార్థనకు లేస్తే నిజామాబాదు స్టేషను దాకా వినబడుతుందని మీరే ఎగతాళి చేస్తారు కదా! అయినా ఈ పూట నెమ్మదిగానే చెబుతాను, ఆ ఉదయం గుర్తొస్తే ఇప్పటికీ కలలో నడుస్తున్నట్టే ఉంటుంది నాకు.

ఆ ఏడు వానాకాలంలో మా చిన్నారి సుగుణకు కంఠసర్పి వచ్చింది. మేమప్పుడు బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య ఊళ్లో ఉండేవాళ్లం, నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని, మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. పిల్ల గొంతులో తెల్లటి పొర కట్టింది, ఊపిరి తీస్తే గురగుర, వదిలితే గురగుర. దీనికి వేయాల్సిన సూది హైదరాబాదులోనే దొరుకుతుందనీ, ఆలస్యమైతే గొంతు పూర్తిగా మూసుకుపోతుందనీ డాక్టరుగారు చెప్పేశారు. పోదామంటే వానలకు రోడ్డు తెగింది, రైలు కట్ట కొట్టుకుపోయింది. పిల్లను భుజాన వేసుకుని, మెలకువో నిద్రో నాకే తెలియకుండా వసారాలో తిరుగుతుంటే, చెరకు తోటల యజమాని కబురు పంపారు, తన చిన్న విమానంలో పిల్లను తీసుకుపొమ్మని. మేము అడగనేలేదు! దేవునికే మహిమ!

తోటల పక్కన మట్టి దారి మీద నిలబడి ఉంది ఆ విమానం, మామూలు కారు కన్నా కాస్త పెద్దది, అంతే. నడిపే ఆయన ఖాదర్ గారు. రెక్కలూ చక్రాలూ అన్నీ ముందే తడిమి చూసుకుని, పిల్లకు మెత్తగా ఉండాలని లోపల దుప్పటి పరుస్తున్నారు. అంతలో మా పక్కింటి లచ్చవ్వ పసుపు గిన్నెతో వచ్చింది. మా వైపు రైతులు కొత్త బండి కట్టినా, కొత్త మోటరు దింపినా పసుపు పెట్టనిదే కదలనివ్వరు, మీకు తెలియనిది కాదు.

"పసుపు వెట్టకుంట పోనిస్తనా పంతులమ్మా! పోరి పైలంగ తిరిగి రావాలె" అంటూ తడి పసుపు తలుపుకు మెత్తింది, చక్రాలకు మెత్తింది, రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం మూతికి కూడా ఇంత మెత్తింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆ గొట్టం దేనికో నాకేం తెలుసు? ప్రేమతో పెడుతోంది, పెట్టనీ అనుకున్నాను.

విమానం కదిలింది. సుగుణ నా ఒడిలో. మబ్బు వెలుగులో చెరకు రెండు పక్కలా పచ్చటి నీళ్లలా పారిపోతోంది, నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. ఉన్నట్టుండి ఖాదర్ గారు ఎదురుగా ఉన్న మీటరు అద్దాన్ని వేలితో టకటకా కొట్టారు.

"అమ్మా, స్పీడు జూపే ముల్లు లేస్తలేదు!"

ఆపుదామంటే తడి నేల, చక్రాలు జారితే ఎదురుగా నిండు కాలువ. లేపుదామంటే, వేగం చాలకుండా లేపితే విమానం కింద పడుతుందట. నాకు వచ్చిన పని ఒక్కటే కాబట్టి "యేసయ్యా! నా బిడ్డను కాపాడు తండ్రీ!" అని గొంతు చించుకుని అరిచాను.

"అమ్మా, దువా మనసుల చేస్కో! నాకు ఇంజను చప్పుడు ఇనబడాలె!"

నోరు మూసుకున్నాను సహోదరులారా! పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని ప్రార్థన చేసింది అదే మొదలు. ఆయన ముల్లు వంక చూడడం మానేశారు, ఇంజను చప్పుడు వింటూ, చక్రాల కింద నేల తేలికవుతుంటే చేతులతోనే తెలుసుకుంటూ, తొందరపడకుండా చివరి దాకా పరుగెత్తించి నెమ్మదిగా లేపారు. కాలువ మా కిందనుంచి జారిపోయింది. నా లోపల మాటలు లేవు, ఏం అడగాలో కూడా తోచలేదు, బిడ్డ ఊపిరిని వింటూ కూర్చున్నాను, ఎవరో మా ముగ్గురినీ అరచేతిలో పట్టుకుని మంజీర మీదుగా, మబ్బుల మీదుగా మోసుకుపోతున్నట్టు అనిపించింది. అంత భయంలో అంత నెమ్మది ఎక్కడిది నాకు? ప్రభువు ఇచ్చిందే!

హైదరాబాదులో కూడా ఆ ముల్లు లేకుండానే, అలవాటు కన్నా కాస్త వేగంగా దించారు. సూది సమయానికి పడింది. సాయంత్రం ఖాదర్ గారు ఆసుపత్రికి వచ్చి, వేగం కొలవడానికి గాలి దూరాల్సిన గొట్టం మూతిలో పసుపు గడ్డకట్టిందని చెప్పి, కోపం లేకుండా నవ్వారు. ఊరికి తిరిగొచ్చి చెబితే లచ్చవ్వ "నా చేతులిరుగ! ఎంత పని జేస్తిని!" అని ఏడ్చింది. "నువ్వు పెట్టింది ప్రేమే లచ్చవ్వా, దేవుడు దాన్ని కూడా దాటించాడు" అన్నాను, ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

ఈ రోజు ఇక్కడ ఎవరి ఇంట్లో పిల్ల ఊపిరాడక ఉందో, ఎవరికి ప్రార్థన చేయడానికి ఒక్క మాట రావడం లేదో నాకు తెలియదు. మాట రాకపోయినా ఆయన దగ్గరికి రండి. నా బిడ్డను నాకు తిరిగి ఇచ్చిన దేవుడు మీ మొర కూడా వింటాడు, నమ్మండి!

సుగుణా, లేచి నిలబడు తల్లీ. మూసుకుపోతుందని డాక్టరుగారు చెప్పిన ఆ గొంతుతో, పాట నువ్వు ఎత్తుకో.