బఠాణీ పప్పు వీరుడికి శాలువా

ఏళ్ల తరబడి కట్టుకున్న పరువును పావుగంటలో ఎలా కూల్చుకోవచ్చో తెలుసుకోవాలని మీకెప్పుడైనా అనిపిస్తే, ఏ గ్రంథాలూ తిరగేయనక్కర్లేదు. నన్ను అడగండి. అబుదాబిలో, హాలు నిండా తెలుగువాళ్లు చూస్తుండగా, మైకు చేత్తో పట్టుకుని నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అదీ ఒంటరిగా కాదు, ఫిన్లాండు సైన్యాన్ని సాయం పిలిచి మరీ తవ్వుకున్నాను.

అప్పట్లో నేను మహా హేతువాదిని. ఇప్పుడూ హేతువాదినే, ఆ ‘మహా’ ఒక్కటే ఆ రోజు రాలిపోయింది. లిఫ్టులో ఎవరి చేతికైనా తాయెత్తు కనిపిస్తే అక్కడే ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ల అంతస్తు వస్తే తలుపు మూసుకోకుండా బొత్తాం నొక్కిపట్టి మరీ ముగించేవాణ్ణి. ఇక శాలువాలన్నా, బిరుదులన్నా నాకు ఒళ్లు మంట. “మెచ్చుకోండి, తప్పులేదు. కానీ ఆధారం చూపించి మెచ్చుకోండి” అనేది నా నినాదం. నెలకోసారి మా ఫ్లాటులో ‘ప్రశ్న వేదిక’ నడిపేవాణ్ణి. ఎవరు ఏం చెప్పినా, ఎవరో ఒకరు లేచి “ఆధారం ఏమిటి?” అని అడగాలి. అదే మా నియమం.

వేదిక పెరిగింది, ఫ్లాటు పెరగలేదు. సభ్యుల చెప్పులు లిఫ్టు దాకా పాకాయి. చివరికి తెలుగు సంఘం అధ్యక్షుడు చలపతిరావు గారి దగ్గరికి వెళ్లి హాలు అడిగాను. ఆయన కాకినాడ మనిషి, మర్యాదస్థుడు. మా పేరు చెబితేనే ఆయనకు కాస్త దడ.

“చూడండి మాస్టారూ, ఒక్క సభ పెట్టి చూపించండి. జనం రావాలి, రభస కాకూడదు. బాగుందా, నెల నెలా హాలు మీదే. బాగోలేదనుకోండి, ఖలాస్. మళ్లీ అడగొద్దండి.”

నేను మీసం మీద చెయ్యి వేశాను. మీసం లేదు, అది వేరే సంగతి.

ఏ విషయం మీద సభ పెట్టాలా అని ఆలోచిస్తుంటే, మా ఆఫీసులో ముదీర్ గారి, అదే మేనేజరు గారి కొడుకు సైనిక శిక్షణకు బయల్దేరాడు. టీ దగ్గర ఆ మాటే నడుస్తుంటే, ఫిన్లాండు నుంచి వచ్చిన ఇంజనీరు యుహా నోరు విప్పాడు. అతను నోరు విప్పడమే ఒక వార్త.

“నేనూ వెళ్లాను. తూర్పు వైపు ఒక బ్రిగేడ్‌లో.”

“యుద్ధం చూశారా?” అన్నాను ఆత్రంగా.

యుహా టీ కప్పులోకి చూశాడు. చాలాసేపు చూశాడు. “చలి ఎక్కువ” అన్నాడు.

“చాలా కష్టాలు పడి ఉంటారు!”

మళ్లీ కప్పులోకి చూపు. “మంచు” అన్నాడు.

నా కళ్లు చెమర్చాయి. మన తెలుగువాడు రెండు నిమిషాలు మాట్లాడకపోతే అలిగాడనో, గుండెల్లో అగ్నిపర్వతం దాచుకున్నాడనో అర్థం. ఫిన్లాండువాడు మాట్లాడకపోతే, చెప్పడానికేమీ లేదని అర్థం. ఈ ముక్క నాకు ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఇప్పుడు మీకు నవ్వుకునే పని ఉండేది కాదు.

ఆ రాత్రే బ్రిగేడ్ చరిత్ర చదివాను. గొప్ప చరిత్రే. రష్యాతో యుద్ధం ముగిసేసరికి దాని పాత శిబిరం సరిహద్దుకు అవతల ఉండిపోయింది. సైనికులు ఇవతలికొచ్చి, అడవిలో మొదటి మేకు దగ్గర్నుంచీ కొత్తగా మొదలుపెట్టారు. అక్కడిదాకా చదివి ఆవేశంతో లేచి నిలబడ్డాను. లేచినవాణ్ణి మళ్లీ కూర్చోలేదు, పేజీ తిప్పలేదు. తర్వాతి పేజీలో ఆ బ్రిగేడ్ ఇప్పుడు చేసే పనేమిటో రాసి ఉంది పాపం.

సభ రోజు నా సంచిలో ఏదో మెరుస్తుంటే మా ఆవిడ విమల లాగి చూసింది.

“శాలువానా? మీరా? పోయినేడు మా అన్నయ్యకు కప్పబోతే మైకు లాక్కుని గంటసేపు తిట్టారు కదండీ!”

“మీ అన్నయ్య పదవీ విరమణ చేశాడు విమలా. ఇతను యుద్ధం చేశాడు.”

“చేశానని చెప్పాడా?”

“వీరులు చెప్పుకోరు!”

ఆవిడ నన్ను జాలిగా చూసి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మొదటి వరుసలో సీటు కావాలంది.

హాలు నిండిపోయింది. ముసఫ్ఫా కార్మికుల క్యాంపుల నుంచి కూడా ఒక బస్సు నిండా వచ్చారు. మీ సైన్యం గురించి రెండు మాటలు చెప్పండని పిలిస్తే వచ్చిన యుహా, వేదిక మీద కరెంటు స్తంభంలా కూర్చున్నాడు. నేను తెలుగులో అందుకున్నాను.

“మిత్రులారా! ఈయన చూపులో మంచుంది, చేతిలో నిప్పుంది! ఈయన రగిలించిన మంటల వెలుగులోనే ఒక దేశం తెల్లవార్లూ మేలుకుంది! ఆ బ్రిగేడ్ కదన రంగంలోకి ఉరికితే...”

తెలుగు ఒక్క ముక్క అర్థం కాని యుహా మర్యాదగా తల ఊపాడు. ఆ ఊపు చూసి నేను మరింత రెచ్చిపోయి ‘హిమ కేసరి’ అనే బిరుదు ఇచ్చేసి, శాలువా కప్పేశాను. చప్పట్లకు కప్పు అదిరింది. చలపతిరావు గారి మొహం వెలిగిపోయింది. హాలు నాదే అనుకున్నాను.

అప్పుడు మూడో వరుసలోంచి సునీత లేచింది. కరీంనగర్ అమ్మాయి, ఒక కంపెనీలో అకౌంటెంటు. ప్రశ్న వేదికలో నేను స్వయంగా సానబెట్టిన కత్తి.

“అన్నా, ఒక్క నిమిషం. ఈయన యుద్ధం చేసిండని ఎవరు చెప్పిన్రు? ఆధారం ఏంది?”

“ఆయన మౌనమే ఆధారం సునీతా!”

“గట్లనా? దేవుడు గూడ ఏం మాట్లాడడు గదన్నా. మరి దేవుడున్నట్టేనా?”

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. చలపతిరావు గారైతే కుర్చీ చేతులు పట్టుకుని నవ్వుతో ఊగిపోయారు. నా నెత్తిన ఠపీమని ఏదో పడింది. బహుశా నా నినాదమే.

సునీత అక్కడితో ఆగిందా? నేను అన్నవన్నీ యుహాకు ఇంగ్లీషులో పూస గుచ్చినట్టు చెప్పేసింది. అతను శాలువాను కిందికీ మీదికీ చూసి, నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. క్యాంపుల నుంచి వచ్చినవాళ్ల కోసం దాన్ని తెలుగు చేయాల్సింది ఎవరు? నేనే. మధ్యలో కాస్త మార్చి చెబుదామన్నా సునీత నించునే ఉంది.

“యుద్ధం లేదు. నేను పుట్టకముందే అయిపోయింది” అని అనువదించాను.

“నేను వంటబండి మీద పనిచేశాను. నిప్పు రగిలించాను, నిజమే. దాని మీద బఠాణీ పప్పు కాచాను. మా సైన్యంలో గురువారం అంటే బఠాణీ పప్పే.” చెమట తుడుచుకుంటూ ఇదీ అనువదించాను.

“యల్లా హిమ కేసరీ, ఒక గంటె మాకు గూడ పొయ్యి!” అని వెనక నుంచి ఎవరో కేక.

నవ్వులు ఆగాక యుహా మళ్లీ మాట్లాడాడు. ఆ బ్రిగేడ్ పని నేర్పడమట. మామూలు కుర్రాళ్లు వస్తారు, ఇష్టపడితే అమ్మాయిలూ వస్తారు. కొన్ని నెలలు నేర్చుకుని ఎవరి ఇంటికి వాళ్లు పోయి బడి పంతుళ్లుగా, డ్రైవర్లుగా బతుకుతారు. అవసరం పడిన రోజు దేశం పిలిస్తే వాళ్లే సైన్యం.

“మా సార్జెంటు మమ్మల్ని ఎన్నడూ మెచ్చుకోలేదు” అన్నాడు చివర్లో. “ఒకరోజు ఆయన మ్యాపు తప్పు చదివి వంటబండిని చెరువులోకి నడిపించబోయాడు. ‘దారి అటు కాదు సార్’ అన్నాను. ఆ రోజు మాత్రం తన వంతు పప్పు కూడా నాకే పోశాడు.”

ఇది తెలుగు చేస్తూ చేస్తూ నా కళ్లు మూడో వరుస మీదికి పోయాయి. నేను తయారుచేసిన కొత్త సిపాయే నా మీదికి గురిపెట్టింది, గురి తప్పలేదు! సిగ్గుతో కుంగిపోవాల్సిన మనిషినే, కానీ నా ఛాతీ చొక్కా గుండీలు తెగేలా పొంగింది. ఏళ్ల తరబడి ఫ్లాటులో నేను గొంతు చించుకున్నది ఇందుకే కదా!

సభ అయ్యాక హాలు పోయినట్టేనని చలపతిరావు గారి ముందు తల వంచుకుని నిలబడ్డాను.

“మాస్టారూ, మీరు ఊళ్లోవాళ్లనే ప్రశ్నిస్తారనుకున్నానండీ ఇన్నాళ్లూ. మీ పిల్ల మిమ్మల్నే నిలదీస్తే, కోపం తెచ్చుకోకుండా తెలుగు చేసి మరీ వినిపించారు చూశారా! హాలు మీదే. ఒక్క షరతు.”

“చెప్పండి.”

“అతిథి పరిచయాలు ఆ అమ్మాయి చేస్తుందండి.”

అప్పటినుంచి ఇప్పటిదాకా హాలు మాదే, పరిచయాలు సునీతవే. శాలువా యుహా తిరిగి ఇవ్వలేదు. ఆఫీసు ఏసీలో చలికి కప్పుకుంటాడు, పుట్టినప్పటి నుంచీ మంచులో పెరిగినవాడు! మా ఇంట్లో మాత్రం ప్రతి గురువారం బఠాణీ పప్పు. విమల వడ్డిస్తూ, “యుద్ధం చేసి వచ్చారు, ఇంకొంచెం వేసుకోండి” అంటుంది.

కాబట్టి పాఠకులారా, ఇదిగో నా శపథం. దేవుడి మీద ఒట్టు వేయడానికి నాకు వీల్లేదు కనుక, పొగలు కక్కుతున్న ఈ బఠాణీ పప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మాట్లాడని మనిషిని ఇక ఈ జన్మలో పొగడను. వచ్చే జన్మలో కూడా పొగడనని అనబోయాను గానీ, సునీత ఆధారం అడుగుతుంది.